గడపలోనే పన్ను: ఇళ్ల ధరలు, ప్రభుత్వ రాబడి



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో, ఆ మాస్టారు ప్రభుత్వ ఆదాయ వ్యయాల శాస్త్రం బోధించేవారు. బడ్జెట్ పుస్తకం చేతికి రాగానే ముందు రాబడి పద్దు చదవమనేవారు. ప్రభుత్వం దేనికి ఖర్చు పెడుతుందో మంత్రిగారి ప్రసంగంలో వినవచ్చు, దేని మీద బతుకుతోందో మాత్రం రాబడి పద్దులోనే తెలుస్తుందని ఆయన నమ్మకం. ఇళ్ల ధరల సంగతి మాట్లాడమని నన్ను పిలిచారు. మాస్టారు నేర్పిన దారిలో ఆ పద్దు నుంచే మొదలుపెడతాను.

సొంత ఇల్లు మధ్యతరగతికి ఎందుకు అందడం లేదని అడిగితే మన దగ్గర రెండు జవాబులు వినిపిస్తాయి. పన్నులు తగ్గించి ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే ఇళ్లు చవకవుతాయని కొందరంటారు. మార్కెట్టును నమ్మి లాభం లేదు, ప్రభుత్వమే కట్టి ఇవ్వాలని మరికొందరంటారు. నాకు కనిపిస్తున్నది వేరు. మనం పన్నును తప్పు మనిషి దగ్గర, తప్పు సమయంలో వసూలు చేస్తున్నాం. ఇల్లు లేనివాడు తొలిసారి గడప దాటే రోజున పట్టుకుంటున్నాం. ఖాళీ నేల పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి దాదాపు వదిలేస్తున్నాం. నేల ధర పెరిగితే తప్ప రాబడి పెరగని స్థితిలో ప్రభుత్వాన్ని నిలబెట్టాం. అటువంటి ప్రభుత్వం చిన్నదైనా పెద్దదైనా ఇళ్ల ధర దించలేదు.

ఒక ఫ్లాటు లెక్క

హైదరాబాదులో నిర్మాణంలో ఉన్న ఫ్లాటును ఒక కుటుంబం 80 లక్షలకు మాట్లాడుకుందనుకుందాం. దాని మీద జీఎస్టీ 5 శాతం, అంటే 4 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ స్టాంపు 5, ట్రాన్స్‌ఫర్ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఒక శాతం కలిపి అదే ఏడున్నర. పైకి కనిపించే పన్నే 10 లక్షలయింది.

ఈ డబ్బు ఏ జేబులోంచి రావాలో చూడండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహరుణం ఇంటి విలువలో 80 శాతాన్ని మించకూడదు. ఆ విలువలో స్టాంపు డ్యూటీని, రిజిస్ట్రేషన్ ఖర్చును కలపకూడదు. జీఎస్టీతో కలిపి ఇంటి ఖరీదు 84 లక్షలు అనుకుంటే, బ్యాంకు అప్పు పోను కుటుంబం చేతి నుంచి 16 లక్షల 80 వేలు పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు 6 లక్షలు దానికి తోడవుతుంది. వాయిదాల్లో తీర్చుకునే వీలు లేని ఆ 6 లక్షలు, కుటుంబం ముందుగా కూడబెట్టుకోవలసిన సొమ్మును మూడో వంతుకు పైగా పెంచేశాయి. ఇంటి ధరలో అది ఏడున్నర శాతమే కావచ్చు, ఆ కుటుంబానికి మాత్రం మరికొన్నేళ్ల అద్దె బతుకు.

కంటికి కనపడని పన్ను ఇంకా ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ల మీద జీఎస్టీ తగ్గించినప్పుడు, బిల్డరు సిమెంటు, ఉక్కు మీద కట్టిన పన్నును మినహాయించుకునే వెసులుబాటు తీసేశారు. ఆ పన్నంతా నిర్మాణ ఖర్చులో కలిసి కొనుగోలుదారు నెత్తికే వస్తుంది. సిమెంటు మీద చాలా ఏళ్లు 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 అయింది. చవక ఇళ్లకు ఒక శాతం జీఎస్టీ చాలన్నారు, మంచిదే. కానీ ఆ ఇల్లు 45 లక్షలు మించకూడదు, హైదరాబాదు వంటి మహానగరంలో లోపలి కొలత 60 చదరపు మీటర్లు, అంటే సుమారు 646 చదరపు అడుగులు దాటకూడదు. అత్తమామలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో ఆ కొలత ఎంత ఇరుకో చెప్పనక్కర్లేదు.

పైగా అదే నేల మీద పన్ను పలుమార్లు పడుతుంది. రైతు దగ్గర డెవలపరు కొన్నప్పుడు ఒక రిజిస్ట్రేషన్, సాగుభూమిని మార్పిడి చేసినప్పుడు నాలా రుసుము, అనుమతి తీసుకున్నప్పుడు అభివృద్ధి ఛార్జీలు, చివరికి ఫ్లాటు కొన్నవాడు తన వాటా నేలతో సహా మళ్లీ రిజిస్ట్రేషన్. చేతులు మారినప్పుడల్లా పడే పన్నుకు వస్తువు కదలకుండా ఆపే గుణం ఉంటుంది. ఉద్యోగం నగరం ఈ చివర నుంచి ఆ చివరకు మారినా, ఇల్లు అమ్మి మరో ఇల్లు కొంటే ఏడున్నర శాతం పోతుందని రోజూ గంటల తరబడి ప్రయాణించేవాళ్లు ఎందరో. పిల్లలు దూరమయ్యాక పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు చిన్న ఇంటికి మారరు. ఉన్న ఇళ్లే సరిగా పంచుకోలేని స్థితి ఇది.

అబద్ధానికి కూడా ఈ పన్నే దారి చూపింది. తెలంగాణలో భూముల ప్రభుత్వ విలువలను 2013 తర్వాత 2021 జులై దాకా సవరించలేదు. పుస్తకంలో విలువ ఒకటి, బజారులో ధర మరొకటి. మధ్యలో ఉన్నది నల్లధనం. తెల్లడబ్బు జీతం తప్ప వేరే దిక్కులేని ఉద్యోగికి ఆ నల్ల వాటా సమకూర్చుకోవడం ఎంత కష్టమో ఇల్లు కొన్న ప్రతివారికీ తెలుసు. 2021 జులైలో విలువలు సవరిస్తూనే మొత్తం పన్నును 6 శాతం నుంచి ఏడున్నరకు పెంచారు. విలువలు నిజానికి దగ్గరగా తెచ్చినప్పుడు రేటు తగ్గించాలి. 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద రాష్ట్రాలు ఒప్పుకున్న సంస్కరణల్లో స్టాంపు డ్యూటీని 5 శాతానికి దించడం ఒకటి. ఇరవై ఏళ్లయింది, మనం ఎటు నడిచామో చూస్తూనే ఉన్నాం.

తగ్గిస్తే సరిపోతుందా?

2020 సెప్టెంబరులో, కరోనా కష్టకాలంలో, మహారాష్ట్ర ప్రభుత్వం ముంబయిలో స్టాంపు డ్యూటీని 5 శాతం నుంచి డిసెంబరు ఆఖరు దాకా 2 శాతానికి, ఆపైన మార్చి ఆఖరు దాకా 3 శాతానికి తగ్గించింది. గడువు దగ్గరపడేకొద్దీ రిజిస్ట్రేషన్లు వెల్లువెత్తాయి. పన్ను అడ్డు తొలగితే కొనుగోళ్లు కదులుతాయని రుజువైంది.

అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. కొనేవారు పెరిగి ఇళ్లు పెరగకపోతే, తగ్గిన పన్ను కొన్నాళ్లకు అమ్మేవాడి ధరలో కలిసిపోతుంది. పన్ను రూపంలో ఖజానాకు పోయే సొమ్ము నేల యజమానికి పోతుంది, కొనేవాడికి మిగిలేది స్వల్పం. కనుక స్టాంపు తగ్గింపు ఒక్కటే మందు అని నేను చెప్పను. ఆ తగ్గించిన పన్నును మరో చోట, నేల మీద, ఏటా వసూలు చేస్తేనే అది నిలుస్తుంది.

దీనికి పాత సిద్ధాంతబలం ఉంది. ఊళ్లో ఇళ్ల స్థలాల కౌలు మీద వేసే పన్ను ఇంటి అద్దెను పెంచదని, స్థలం యజమానే దాన్ని భరిస్తాడని ఆడం స్మిత్ 1776లోనే వాదించాడు. 1879లో హెన్రీ జార్జ్ ఆ ఆలోచన మీదే ‘ప్రోగ్రెస్ అండ్ పావర్టీ’ అనే పెద్ద గ్రంథం రాశాడు. కారణం తేలికే. సిమెంటు మీద పన్ను వేస్తే సిమెంటు ఖరీదవుతుంది, కట్టడం తగ్గుతుంది. నేల మీద పన్ను వేస్తే నేల తగ్గదు. ఏటా పన్ను కట్టాల్సి వస్తే ఖాళీగా ఉంచడం బరువై యజమాని కడతాడు, లేదా కట్టేవాడికి అమ్ముతాడు.

మన నగరాల్లో జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు. ఖాళీ స్థలం పన్ను విలువలో అర శాతమో, అంతకన్నా తక్కువో. అదీ పుస్తకంలోని విలువ మీద, అదీ వసూలైతే. రోడ్డు, నీళ్లు, మెట్రో, ఐటీ కంపెనీలు అన్నీ వచ్చి చుట్టూ ఊరు వెలిసేదాకా గోడ కట్టి ఉంచిన స్థలాలు ప్రతి కాలనీలోనూ కనిపిస్తాయి. ఆ విలువ పెంచింది యజమాని చెమట కాదు, ప్రజలు కట్టిన పన్ను. ఇంటి పన్ను కూడా ఏళ్ల తరబడి సవరించని అద్దె విలువల మీదే నడిచింది. దేశం మొత్తం మీద ఆస్తిపన్ను రాబడి జాతీయోత్పత్తిలో అర శాతానికి కూడా చేరదు. ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం మార్చి, ఏటా 15 శాతం మించి పెరగకుండా హద్దు పెట్టి, మూలధన విలువ మీద ఇంటి పన్ను తెచ్చింది. దాని మీద వచ్చిన గగ్గోలు మనకు గుర్తే. కట్టే ప్రతి రూపాయికీ కాలువ, దీపం, చెత్త బండి కనిపించకపోతే ఆ గగ్గోలు న్యాయమే అవుతుంది. కానీ దిశ మాత్రం సరైనదే.

ఈ తేడా మన తెలుగు కుటుంబాలు అమెరికాలోనూ అనుభవిస్తున్నాయి. ఒక ఇంట్లో పెద్దబ్బాయి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, చిన్నమ్మాయి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉండటం అరుదేమీ కాదు. కాలిఫోర్నియా ఓటర్లు 1978లో పదమూడవ ప్రతిపాదనను గెలిపించారు. దాంతో మూల ఆస్తిపన్ను విలువలో ఒక శాతానికి పరిమితమైంది. పన్ను లెక్కకు తీసుకునే విలువ, ఇల్లు చేతులు మారేదాకా, ఏటా 2 శాతం మించి పెరగదు. నలభై ఏళ్ల కిందట కొన్నవాడికీ నిన్న కొన్నవాడికీ ఒకే వీధిలో పన్ను అనేక రెట్లు తేడా. పాతవారు కదలరు. కొత్త ఇళ్లు వస్తే ఖర్చే తప్ప రాబడి లేదని పట్టణాలు దుకాణ సముదాయాలకు మొగ్గు చూపాయి, కొత్త ఇళ్ల మీద భారీ రుసుములు వేశాయి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు. ఆస్తిపన్ను మాత్రం దేశంలోని ఎక్కువ రేట్లలో ఒకటి. ఏటా ఆ బిల్లు చూసి నిట్టూర్చినా, మనవాళ్లు అక్కడ ఇల్లు కొనగలిగారు. టెక్సాస్‌లో విశాలమైన నేల, సడలిన నిర్మాణ నియమాలు కూడా ఉన్నాయి కనుక ఘనతంతా పన్నుకే కట్టబెట్టను. కానీ తక్కువ ఆస్తిపన్ను అంటే చవక ఇల్లు కాదని మాత్రం కాలిఫోర్నియా నిలబడి సాక్ష్యం చెబుతోంది.

వేలంపాటలో ప్రభుత్వం

ఇప్పుడు రాబడి పద్దులోని అసలు పేజీకి వద్దాం. 2021 జులైలో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) నగర శివారు కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్‌లో 49.94 ఎకరాలు వేలం వేస్తే 2,000 కోట్లు వచ్చాయి. అత్యధిక పాట ఎకరం 60.2 కోట్లు. 2023 ఆగస్టులో అదే చోట ఎకరం 35 కోట్ల కనీస ధరతో మొదలుపెట్టిన వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకు పోయింది. గజం 2 లక్షల 8 వేలు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది. అప్పటికి ప్రభుత్వం మారింది, పాట మాత్రం ఆగలేదు.

వేలం వల్లే ఫ్లాటు ధర పెరిగిందనడం తొందరపాటు. ఫ్లాటు ఎంతకు అమ్ముడవుతుందో లెక్కగట్టుకునే బిల్డరు అంత పాడతాడు. అయినవారికి కారుచౌకగా కట్టబెట్టడం కంటే బహిరంగ వేలం వెయ్యిరెట్లు మేలు. అయినా మూడు నష్టాలున్నాయి. ఎకరం 100.75 కోట్లకు కొన్న నేల మీద పది రెట్ల విస్తీర్ణం కట్టినా, చదరపు అడుగుకు నేల ఖర్చే 2,300 రూపాయలు దాటుతుంది. వడ్డీ, నిర్మాణం, లాభం కలిశాక అక్కడ మధ్యతరగతి ఇల్లు ఉండదు. చుట్టుపక్కల యజమానులు ఆ పాటను తమ ధరగా చెప్పుకుని అమ్మకుండా ఆగుతారు. మూడోది అన్నిటికన్నా పెద్దది: ఆ రాబడిని నమ్ముకుని సంక్షేమ పథకాలు, జీతాలు, వడ్డీలు ఏర్పాటు చేసుకున్న ప్రభుత్వానికి వచ్చే ఏడు పాట మరింత పెరగాలి. స్టాంపుల రాబడి కూడా తెలంగాణకు ఇటీవలి సంవత్సరాల్లో ఏటా పదివేల కోట్లకు పైనే. ఇళ్ల ధరలు నిజంగా తగ్గితే ఈ రెండు పద్దులూ కుంగుతాయి. ఇల్లు అందుబాటులోకి రావాలని వేదికల మీద ఆకాంక్షించే ప్రభుత్వానికి, అది జరగకపోవడంలోనే ఆర్థిక క్షేమం ఉంది. ఏ ముఖ్యమంత్రి సద్బుద్ధి మీదా ఆధారపడి ఈ ముడి విప్పలేం; రాబడి దారి మార్చాలి.

పరిమాణం ఒక్కటే కొలత కాదు

ప్రభుత్వం చిన్నదైతే ఇల్లు చవకవుతుందా అనే ప్రశ్నకు సింగపూర్ మంచి జవాబు. జాతీయోత్పత్తిలో పన్నుల వాటా చూస్తే అది మనకంటే చిన్న ప్రభుత్వం. నేల విషయానికొస్తే ప్రపంచంలోని పెద్ద ప్రభుత్వాల్లో ఒకటి. 1960లో గృహనిర్మాణ మండలి పెట్టారు, 1966లో భూసేకరణ చట్టం తెచ్చారు, 1968 నుంచి ఉద్యోగుల భవిష్యనిధిని ఇంటికి వాడుకోనిచ్చారు. నేడు అక్కడి స్థిరనివాసుల్లో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది 99 ఏళ్ల లీజుతో ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో ఉంటున్నారు. వియన్నా నగరం 1923లో విలాసవంతమైన ఇళ్ల మీద ఎక్కువ రేటు పడేలా గృహపన్ను వేసి, 1934 నాటికి 60 వేలకు పైగా ఇళ్లు కట్టింది. ఈ రెండు చోట్లా ప్రభుత్వం నేల సేకరించి దాన్ని ఇళ్లుగా మార్చింది.

పెద్ద ప్రభుత్వం చెడగొట్టిన కథ మనకు కళ్లముందే ఉంది. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం హైదరాబాదులో ఖాళీ స్థలానికి 1,000 చదరపు మీటర్ల హద్దు పెట్టింది. ఉద్దేశం ఉదాత్తం. ఆచరణలో నేల పేదవాడికి చేరలేదు. మినహాయింపుల కోసం ఫైళ్లు, కోర్టుల్లో కేసులు పేరుకుని, వివాదంలో పడ్డ నేల కట్టడానికి పనికిరాకుండా పోయింది. కేంద్రం 1999లో రద్దు చేసినా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోగాని ఆ రద్దును స్వీకరించలేదు.

మంచి చేసిన కథ కూడా మనదే. 1908 మూసీ వరదల తర్వాత నిజాం కాలంలో 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు బస్తీలను తొలగించి ఇళ్లు కట్టింది. ఆ తర్వాతి హౌసింగ్ బోర్డు వేసిన కూకట్‌పల్లి కాలనీ, విశాఖలో అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ వుడా వేసిన ఎంవీపీ కాలనీ ఎన్ని వేల ఉద్యోగి కుటుంబాలను నిలబెట్టాయో లెక్కలేదు. ప్రభుత్వం అక్కడ పెద్ద మొత్తంలో నేల సేకరించి, రోడ్లు గీసి, చిన్న ప్లాట్లు, చిన్న ఇళ్లు అసలు ధరకు దగ్గరగా ఇచ్చింది. ఆ పని మనం మానేశాం. దాని బదులు ఒక కొస వేలంపాట, మరో కొస ఉచిత ఇల్లు. 2023లో హైదరాబాదు శివారు కొల్లూరులో ప్రభుత్వం కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఒకేచోట తయారయ్యాయి. ఇళ్లు బాగున్నాయి. నగరంలో ఇంటిపని చేసుకునే తల్లికి అక్కడి నుంచి రానుపోను బస్సు ఏది, ఆ రోజు కూలి ఏది? ఇప్పటి ఇందిరమ్మ ఇళ్లకు సొంత జాగా ఉన్నవారికి 5 లక్షలు ఇస్తున్నారు. పల్లెలో అది వరం. నగరంలో పేదవాడికి లేనిదే ఆ జాగా.

ఈ రెండు కొసల మధ్య వదిలేసిన ఖాళీని ఎవరు నింపారు? అనుమతి లేని లేఅవుట్లు. 2020లో క్రమబద్ధీకరణకు పిలిస్తే తెలంగాణలో సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. వారంతా చట్టాన్ని ధిక్కరించాలని కొన్నవారు కాదు. అనుమతి ఉన్న ప్లాటు తమ స్తోమతకు అందక కొన్నవారు. అదే ఏడాది భవన అనుమతుల కోసం వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదంది, 500 చదరపు మీటర్ల లోపు స్వీయ ధ్రువీకరణ చాలంది, ఆపైన 21 రోజుల గడువు పెట్టింది. ఖజానాకు పైసా ఖర్చు లేకుండా ప్రభుత్వం చేయగల మేలు అది. ఎక్కడ తప్పుకోవాలో, ఎక్కడ నిలబడాలో తెలిసిన ప్రభుత్వం మనకు కావాలి.

చేయదగిన పనులు

మొదటిది, తొలి ఇల్లు కొనే కుటుంబానికి రిజిస్ట్రేషన్ భారాన్ని ముందు 5 శాతానికి, తర్వాత 3 శాతానికి దించాలి. దానికి సమానంగా నగరాల్లో ఖాళీ స్థలాల పన్నును ఏటేటా పెంచుతూ రావాలి. నిరుటి మార్కెట్ ధరలతో విలువలను ప్రతి ఏడూ సవరించాలి. ఎనిమిదేళ్లకోసారి పిడుగులా పడే సవరణ ఎవరికీ మంచిది కాదు.

రెండోది, ఇంటి పన్నులో కట్టడం వాటా తగ్గించి నేల వాటా పెంచాలి. పింఛను మీద బతికే పెద్దావిడ పాత ఇంట్లో ఉంటే పన్ను ఎలా కడుతుందని అడుగుతారు. అడగాల్సిందే. ఆమె బాకీని ఇంటి మీద రాసి ఉంచి, అమ్మినప్పుడో, వారసులకు చేరినప్పుడో వసూలు చేసే ఏర్పాటు చట్టంలోనే ఉండాలి. వసూలైన సొమ్ము ఆ వార్డు కాలువలకే, రోడ్లకే చేరుతోందని ఏటా లెక్క చూపించాలి.

మూడోది, ప్రభుత్వ భూమిని వేలం వేసిన ప్రతిసారీ కొంత భాగాన్ని అక్కడే, పని దొరికే చోటే, అసలు ధరకు ఇచ్చే ఇళ్లకు, అద్దె ఇళ్లకు కేటాయించాలి. మిగతా రాబడిని రోజువారీ ఖర్చులకు వాడకుండా, కొత్త ప్రాంతాలకు నీళ్లు, రోడ్లు, రవాణా తీసుకెళ్లే నిధిలో వేయాలి. నేలను అమ్మిన డబ్బు మళ్లీ కట్టదగిన నేలగా మారాలి.

ఇక్కడున్న విద్యార్థులకు ఒక మాట. మీలో చాలామంది పదేళ్లలో ఇల్లు వెతుక్కుంటారు. అంతకుముందే ఓటు అడగడానికి ఎవరో ఒకరు మీ గుమ్మంలోకి వస్తారు. ఎన్ని ఇళ్లు కట్టిస్తారని వారిని అందరూ అడుగుతారు. మీరు అడగవలసింది మరొకటి ఉంది: స్టాంపుల మీదా, భూముల పాట మీదా వచ్చే రాబడిని మీ అయిదేళ్లలో ఎంత శాతానికి తగ్గిస్తారు, ఆ లోటును ఎవరి దగ్గర, ఏ పన్నుతో పూడుస్తారు? దానికి అంకెతో జవాబు చెప్పినవారు ఇళ్ల సమస్యను అర్థం చేసుకున్నట్టే. చెప్పనివారికి మీ ఓటుకు బదులు మాస్టారి బడ్జెట్ పాఠం అప్పగించండి.